రెండు దుర్బీన్లు, ఒక బాతు

మా ఇంట్లో దుర్బీన్లు రెండున్నాయి. ఒకటి నేను కొన్నది. ఇంకోటి పనిచేసేది.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. వస్తువుకు ధర వేరు, విలువ వేరు అని ఏటా రెండు సెక్షన్ల పిల్లలకు బోర్డు మీద గీత గీసి మరీ వివరిస్తాను. నేను సొంతంగా కొన్న వస్తువులను ఒక్కసారి చూపిస్తే ఆ పిల్లలు ఫీజు వాపసు అడుగుతారు. అందుకే ఎవరినీ ఇంటికి పిలవను.

మా ఇంటామె గరిడేపల్లి అవతల ఒక ఊళ్ళో సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్. రోజూ గరిడేపల్లి దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఆ ఆటో ఊరి చెరువు కట్ట మీదుగా పోతుంది. చలికాలం వస్తే ఆ చెరువులో తలమీద రెండు నల్లగీతలున్న బాతులు దిగుతాయి. పుస్తకాల్లో వాటి పేరు బార్ హెడెడ్ గూస్. ఊళ్ళో అడివి బాతులు అంటారు. ఇంకో పేరు వెతికే తీరిక ఎవరికీ లేదు. హిమాలయాలు దాటి వస్తాయట. పొద్దున పూట కట్ట కింద వరి కోసిన మడుల్లో మేస్తాయి, ఎండ ఎక్కగానే చెరువు నడిమికి పోయి కూర్చుంటాయి.

ఒకరోజు పొద్దున ఆటో పంచరై కట్ట మీద ఆగింది. డ్రైవరు టైరు విప్పుతుంటే ఈమె బాతులను చూస్తూ నిలబడింది. గుంపులో ఒక బాతు మెడకు ఆకుపచ్చ పట్టీ ఉంది. పట్టీ మీద తెల్లగా ఏదో రాసినట్టుంది. ఫోన్ తీసి జూమ్ చేసి ఫోటో కొట్టింది. ఫోటోలో బాతు పెసరపప్పు బద్దంత వచ్చింది, పట్టీ రాలేదు.

ఆ రోజే తొమ్మిదో తరగతిలో చెప్పింది. పరిశోధన చేసేవాళ్ళు పక్షులకు ఇట్లా నంబర్లు వేస్తారని, ఆ నంబరు చదివితే అది ఏ దేశం నుంచి వచ్చిందో తెలుస్తుందని. పిల్లలు ఇళ్ళల్లో చెప్పారు. మర్నాటికల్లా ఊరు ఊరంతా చెరువు దిక్కు చూసింది. చేపలు పట్టే పెద్దమనిషి ఒకాయన కట్ట మీదే ఉంటాడు. ఆయన తీర్పు చెప్పేశాడు. "నంబరు లేదు, ఏం లేదు. పైపు ముక్క ఇరికింది మెడల. పాపం, మేస్తున్నప్పుడు తల పెట్టినట్టుంది."

స్టాఫ్‌రూమ్‌లో లెక్కల సార్ ఇంకొంచెం ముందుకు పోయాడు.

"మేడం, బాతులకు గూడ ఆధార్ చేసిన్రా ఏంది?"

"సార్, నేను జూసిన."

"సూసిన్రు, కాదంటలేను. వేలిముద్ర ఎట్ల తీస్కున్రు దానికి? కాలివేళ్ళు అతుక్కొని ఉంటయ్ గద."

అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది. నవ్వినట్టు నాకు చెప్పింది కూడా. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే నవ్విన సంగతి ఎవరూ ప్రత్యేకంగా ఇంటికొచ్చి చెప్పరు.

పక్షుల మీద పనిచేసేవాళ్ళకు మెయిల్ పెట్టింది. మర్యాదగా జవాబిచ్చారు. చాలా సంతోషం, నంబరెంత? అక్షరం, అంకెలు తప్పులేకుండా కావాలి, అంచనా మీద చెప్పలేము అన్నారు. న్యాయమే. ఈమె కూడా పిల్లల రికార్డు పుస్తకాల్లో ఎర్ర ఇంకుతో అదే రాస్తుంది. చూసింది రాయండి, అనుకున్నది రాయకండి అని.

అసలు కథ అక్కడ మొదలైంది. ఆ వారంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడి అడిగిందట: "మేడం, మీరు నంబరు చూసిన్రా, అనుకున్నరా?"

ఎగతాళి కాదు. ఆ పిల్ల నిజంగానే అడిగింది. ఎర్ర ఇంకు పాఠం నేర్చుకున్న పిల్ల అట్లాగే అడుగుతుంది.

"ఏం చెప్పినవ్?" అన్నాను.

"రాత ఉన్నట్టు కనబడ్డది, చదవలేదు అని చెప్పిన."

"మంచిగనే చెప్పినవ్ గదా."

"మంచిగనే చెప్పిన. ఆ పిల్ల తల ఊపి కూసున్నది. నోట్సుల దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నది. నేను జూసిన." మళ్ళీ తనే అన్నది. "ఒకవేళ నిజంగ పైపు ముక్కేనేమో."

పదిహేనేళ్ళ నుంచి పాఠం చెప్తున్న మనిషి నోట ఆ మాట వినడం నాకు నచ్చలేదు. దానికి తోడు గడువు కూడా ఉంది. కట్ట కింద రైతులు యాసంగి పంట నాట్లకు మడులు దున్నడం మొదలుపెట్టారు. రోజుకో మడి పోతున్నది. కోసిన మడులన్నీ నీళ్ళు పెట్టి దున్నేస్తే బాతులు ఇక కట్ట దగ్గరికి రావు, రోజంతా చెరువు నడిమిలోనే ఉంటాయి. అక్కడున్న బాతు మెడ మీది రాత చదవాలంటే పడవ కావాలి, బాతు ఒప్పుకోవాలి.

"నేను దుర్బీన్ తెస్త" అన్నాను.

ఇక్కడ నా పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. మాది తిరుమలగిరి దిక్కు. నీళ్ళు లేని మెట్ట. అక్కడ మనిషి గౌరవం బోరులో దించిన మోటరు హార్స్‌పవర్‌ను బట్టి ఉంటుంది. పక్క చేను ఆయన ఐదు హెచ్‌పీ దించితే మనం ఏడున్నర దించాలి. బోర్లో నీళ్ళు రెండించులే ఉండొచ్చు. మోటరు కాలిపోతుంది, అది వేరే సంగతి. కాలిపోయినా పెద్ద మోటరు పెద్ద మోటరే. మా నాయిన రెండు కాల్చాడు. రెండిటి గురించీ గర్వంగానే చెప్పేవాడు.

ఆ రక్తంతో నేను సూర్యాపేటలో ఎగ్జిబిషన్‌కు పోయాను. ఒక స్టాల్లో బల్ల మీద దుర్బీన్లు వరుసగా పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఎనిమిది, ఒకదాని మీద ఇరవై, ఒకదాని మీద తొంభై ఇంటూ తొంభై అని రాసి ఉంది. అద్దాలు కుంకుమ రంగులో మెరుస్తున్నాయి. నా చెయ్యి ఎటు పోయిందో చెప్పక్కర్లేదు.

"తొంభై అంటే తొంభై రెట్లు సార్. సాగర్ డ్యాం కనవడ్తది" అన్నాడు అమ్మేటాయన.

"ఎక్కడినుంచి?"

"మీరు యాడ నిలబడితే ఆడినుంచి."

నమ్మలేదు. కానీ కొన్నాను. ఈ రెండిటికీ మధ్య దూరం చాలా తక్కువని కామర్స్‌లో ఎవరూ చెప్పరు.

ఇంటికొచ్చి డాబా ఎక్కి చూశాను. రెండు నీళ్ళ ట్యాంకులు కనబడ్డాయి. ఒకటి మాది, ఇంకోటి పక్కింటివాళ్ళది అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, రెండూ మావే. ఎడమ కన్ను ఒక ట్యాంకును చూస్తున్నది, కుడి కన్ను అదే ట్యాంకును ఇంకోచోట చూస్తున్నది. మా ఇంటామె కళ్ళజోడు తీయకుండా పెట్టుకొని చూసింది.

"ఎట్లున్నది?"

"సూది బెజ్జంల నుంచి చూసినట్టున్నది."

"అలవాటైతది."

"సూది బెజ్జమా?"

ఆ ఆదివారం బండి మీద చెరువుకు పోయాం. బాతులు మడిలోనే ఉన్నాయి, మా అదృష్టం. దుర్బీన్‌లో మాత్రం నా గుండె కొట్టుకున్నప్పుడల్లా బాతు ఎగిరి పడుతోంది. ఊపిరి బిగబట్టాను. అప్పుడు బాతు మసకైంది. చేపల పెద్దమనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం గనవడ్తాంది సార్?"

"నీళ్ళు" అన్నాను.

"నీళ్ళు మాకు ఉత్తగనే గనవడ్తయ్."

ఆమె ఇరవై నిమిషాలు ప్రయత్నించింది. తర్వాత తల పట్టుకుంది. దుర్బీన్‌కు దాని తాడు చుట్టి, సంచిలో పెట్టి, "పోదాం పా" అన్నది. మర్నాడు లెక్కల సార్ అడిగాడట, "మీ సార్ దుర్బీన్ తెచ్చిన్రటగద మేడం. ఏమని ఉన్నది, ఆధారా? రేషన్ కార్డా?" అని. ఆ వారమంతా ఆమె నన్ను 'సార్' అని పిలిచింది. మా ఇంట్లో అది బిరుదు కాదు.

మిర్యాలగూడలో ఆమె అన్న ఉన్నాడు. మా దిక్కు మేమిద్దరం ఒకరినొకరం 'బావా' అనే పిలుచుకుంటాం కాబట్టి మాటల్లో ఎవరు పెద్దో తేలదు. పనిలో తేలుతుంది. ఆయన ఒక రైస్‌మిల్లులో వడ్లు చూసే మనిషి. బస్తాలోకి ఇనుప గొట్టం పొడిచి నాలుగు గింజలు తీసి, అరచేతుల్లో నలిపి ఊది, పంటి కింద ఒకటి కొరికి, తేమ ఎంత, నూక ఎంత పోతుందో చెప్తాడు. మిషన్ కూడా ఉంది. మిషన్ ఆయన చెప్పినదాన్ని ఖాయం చేస్తుంది.

ఆయనకు ఫోన్ చేసి తొంభై ఇంటూ తొంభై సంగతి చెప్పాను.

"బావా, బస్తా మీద రాసింది సదివి వడ్లు కొంటమా?"

"కొనం."

"మరి గిదెట్ల కొన్నవ్?"

"పెద్దగ రాసున్నది."

"చెల్లెను తీస్కొని కోదాడ పో. నాకు అద్దాలు చేసిచ్చినాయన ఉన్నడు. ఆడ దుర్బీన్లు గూడ పెడ్తడు. నువ్వు మాట్లాడకు, దాన్ని మాట్లాడనియ్యి. ఆడినుంచి సీదా నా దగ్గరికి రాన్రి."

కోదాడలో ఆ కళ్ళజోళ్ళ షాపు బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. యజమాని అరవై దాటినాయన, సొంత కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకొని ఉంటాడు. అక్కడికి పోతే మాట కొంచెం కృష్ణ దాటుతుంది. ఆయన ముందు నా దుర్బీన్ తీసుకొని చేయి చాచి వాకిలి వైపు పట్టుకున్నాడు.

"ఇలా చూడండి అమ్మా. కన్ను పెట్టే అద్దంలో ఒక వెలుగు చుక్క కనపడుతోందా? గుండ్రంగా ఉండాలి. ఇది చూడండి, కత్తెరేసినట్టు నాలుగు పక్కలా కోసేసింది."

"తొంభై రెట్లు అన్నడు" అన్నాను. మాట్లాడవద్దని చెప్పినా.

"పది కూడా ఉండదండీ. రాసేవాడికి ఖర్చేముంది? నిజంగా తొంభై ఉంటే దీన్ని చేత్తో పట్టుకోలేరు, స్తంభానికి బిగించాల్సిందే. ఇక ఈ ఎరుపు ఉంది చూశారూ, ఇది కొనేవాడి కోసం పూసింది, చూసేవాడి కోసం కాదు."

తర్వాత నన్ను వదిలేసి ఆమెను మూడు ప్రశ్నలు అడిగాడు. దేన్ని చూడటానికి? ఎంత దూరంలో? కళ్ళజోడు పెట్టుకునే చూస్తారా? నేను కొనేటప్పుడు ఈ మూడింటిలో ఒక్కటి కూడా నాకు తట్టలేదని గమనించాను. పైకి మాత్రం ఇవన్నీ ఆలోచించినవాడిలాగే తల ఊపాను.

ఆమె చెప్పింది. బాతు మెడ మీది రాత, వంద గజాల దూరం, పొద్దుపొద్దున పలచటి వెలుగు, కళ్ళజోడు తీస్తే ఏమీ కనబడదు.

"అయితే వినండి. ఎనిమిది ఇంటూ నలభై రెండు అని ఉంటుంది. ముందుది ఎన్ని రెట్లు దగ్గరికి తెస్తుందో చెబుతుంది. వెనకది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. వెనకదాన్ని ముందుదానితో భాగించండి, మీ కంట్లోకి వచ్చే వెలుగు ఎంతో తెలుస్తుంది. ఇక్కడ ఐదు పైచిల్లర. చీకటి వదలని పొద్దుకు అది బాగుంటుంది. రెట్లు పెంచారనుకోండి, వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుద్ది." కన్ను పెట్టే రబ్బరు గిన్నెను తిప్పి లోపలికి దించాడు. "కళ్ళజోడు వాళ్ళు ఇలా కిందికి దించుకోవాలి. అప్పుడు మొత్తం కనబడుద్ది. ఇది దిగనిది మీరు కొనకండి, ఎంత చవకైనా."

ఆమె దించి, కళ్ళజోడుతోనే పెట్టుకొని వీధిలోకి చూసింది. ఎదురుగా మందుల షాపు ఉంది. దుర్బీన్ దించకుండా చాలాసేపు మందుల షాపునే చూసింది. మందుల షాపులో అంతసేపు చూసేది ఏమీ ఉండదు.

అద్దాల బీరువాలో పైన ఇంకోటి ఉంది, తోలు పెట్టెలో. దాని ధర అడిగాను. చెప్పాడు. మా బండి ధర.

"అది మీకొద్దండి. సగం అద్దానికి, సగం పేరుకి. తేడా లేదనను. ఉంది. కానీ మీరు చూసేది బాతుని, కొనేది ఆ తేడాని కాదు" అని, ఎనిమిది ఇంటూ నలభై రెండుతో పాటు పది ఇంటూ యాభై కూడా సంచిలో పెట్టాడు. "రెండూ తీసుకెళ్ళి చూసుకోండి. వద్దనుకున్నది బస్సులో పంపించండి. మీ బావగారు నాకు తెలుసుగా."

రెండు దుర్బీన్లు, డబ్బు కట్టకుండా, ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఇచ్చాడు. మా బావ చూసిన వడ్ల మీద ఆ దిక్కున ఎంత నమ్మకముందో నాకు అప్పుడు తెలిసింది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పొద్దు వాలుతోంది. వానాకాలం వడ్లు ఇంకా వస్తున్నాయి. మిల్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. మా బావ మెడలో తువ్వాల, చెవి మీద పెన్ను. రెండు దుర్బీన్లనూ చేతిలో తూచినట్టు ఎత్తి చూశాడు. నేను ఒకదాని కోసం చెయ్యి చాపాను.

"నువ్వు సూడకు బావా. నీకు మోటర్ గనవడ్తది."

ఆమెను మిల్లు ఆఫీసు మెట్ల మీద నిలబెట్టాడు. "చూడు చెల్లె, బస్తా నోటి కాడ మంచి గింజలే పోస్తరు. గొట్టం లోపలికి పొడిస్తెనే అసలుది బయటికొస్తది. నడిమిల ఏ దుర్బీనైనా మంచిగనే ఉంటది, అంచుల కాడ సూడు. కరెంటు తీగ అంచు దాక సక్కగ ఉన్నదా, వంగిందా?"

"పెద్దది వంగింది. చిన్నది జరంతనే."

"ఇగ ట్రాక్టర్ల నంబర్లు సదువు. ఆఖరు నుంచి."

అదే ఆయన పరీక్ష. మన రాష్ట్రంలో పాత బండ్లకు టీఎస్, కొత్తవాటికి టీజీ. సందె వెలుగులో, దుమ్ములో, ట్రాక్టరు ట్రాలీ వెనక బురద పట్టిన ప్లేటు మీద ఎస్‌కూ జీకీ తేడా చెప్పగలిగితే ఆ దుర్బీన్ ఎక్కడైనా చదువుతుంది. ముందు పది ఇంటూ యాభైతో చదివింది. అక్షరాలు పెద్దగా ఉన్నాయి. మొదటి నాలుగు సరిగ్గా చెప్పింది. ఐదోది జీ అన్నది, మళ్ళీ ఎస్ అన్నది.

"చేతులు ఏమంటున్నయ్?"

"గుంజుతున్నయ్."

"దించకు. ఇంకో ఐదు నిమిషాలు. బాతు నీకోసం తొందరగ తిరుగుతదా?"

ఐదు నిమిషాల్లో అక్షరాలు వణకడం మొదలైంది. అప్పుడు ఎనిమిది ఇంటూ నలభై రెండు ఇచ్చాడు. అక్షరాలు కొంచెం చిన్నవి, కానీ కదలట్లేదు అన్నది. "టీజీ. దాని ముందరిది టీఎస్. దాని ముందరిది... ఏపీ." మా బావ వరుస దిక్కు చూడకుండానే తల ఊపుతున్నాడు. ఆ బండ్లన్నీ పొద్దుటి నుంచి ఆయన ముందు నిలబడ్డవే. పదకొండు చదివింది. పదకొండూ సరిగ్గానే ఉన్నాయి. పన్నెండోదానికి ప్లేటే లేదు, అది కూడా సరిగ్గానే చెప్పింది.

"పది అంటే ఎనిమిది కన్న ఎక్కువ గద" అన్నాను. ఊరికే, చర్చ కోసం.

అన్నాచెల్లెళ్ళిద్దరూ నా దిక్కు ఒకేలా చూశారు. పెద్దది మర్నాడు పొద్దున బస్సులో కోదాడ పోయింది.

ఆ మంగళవారం నేను కాలేజీకి సెలవు పెట్టాను. కారణం దగ్గర 'ఇంటి పని' అని రాశాను. తెల్లవారేసరికి చెరువు కట్ట మీద ఉన్నాం. దున్నని మడులు రెండే మిగిలాయి. ఒకదాంట్లో బాతులు, దాని పక్కదాంట్లో ఇనుప చక్రాల ట్రాక్టరు బురద తొక్కుతోంది. అది ఒక్కో సాలు తిరిగినప్పుడల్లా బాతులు పది అడుగులు వెనక్కి జరుగుతున్నాయి. ఆమె కట్ట అంచున మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చుంది. పట్టీ ఉన్న బాతు దొరికింది. కానీ అది మేస్తున్నది. తల కింద ఉంటే పట్టీ వరి కొయ్యకాళ్ళ వెనక దాక్కుంటుంది.

"ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది. రాతే."

రాతే అన్న మాట ఆమె చాలా మెల్లగా అన్నది. అయినా కట్ట కింద ఉన్న చేపల పెద్దమనిషికి వినబడింది. ఆయన పైకి వచ్చాడు. అదే సమయానికి లెక్కల సార్ బండి మీద స్కూలుకు పోతూ మమ్మల్ని చూసి ఆగాడు. ఆ దారిన పోయేవాడు ఆగకుండా ఉండడు, ముగ్గురు మనుషులు కట్ట అంచున వంగి ఉంటే.

"మేడం, కార్డు వచ్చిందా?"

ఆమె దుర్బీన్ దించకుండానే అన్నది. "మొదటిది కే. తర్వాత ఎనిమిది. దాని తర్వాతది మూడో, ఎనిమిదో తెలుస్తలేదు. తిరగాలె అది."

ట్రాక్టరు మళ్ళీ ఇటు తిరిగింది. బాతులు మెడలు చాచాయి. ఇంకో సాలు వస్తే లేచిపోతాయి. అప్పుడు నేను ఆ ఉదయం నా వంతు పని చేశాను. చెప్పులు చేత పట్టుకొని మడుల ఒడ్డు వెంట చుట్టు తిరిగి ట్రాక్టరు దగ్గరికి పోయాను.

"అన్నా, జర పది నిమిషాలు ఆపుతవా?"

"ఏమైంది?"

"మా ఇంటామె బాతు మెడ మీది నంబరు చదువుతాంది."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. ఇంజను ఆపాడు. జాలితోనే అనుకుంటా. అయినా ఇంజను ఆగింది.

నేను బురదలో నిలబడే కట్ట దిక్కు చూశాను. ఆమె కదలకుండా ఉంది. ఎంతసేపో తెలియదు. ట్రాక్టరాయన బీడీ ముట్టించి సగం తాగాడు. బాతు తల ఎత్తింది, అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఆమె దుర్బీన్ దించి నోట్‌బుక్‌లో ఏదో రాసి, మూసి, చంకలో పెట్టుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి లెక్కల సార్ అడుగుతున్నాడు. "ఎంత మేడం?"

"నేను చెప్ప. మీరు చదవున్రి."

"మీరు చదివిన్రు గద!"

"నేను చెప్తె మీరు నాది చదువుతరు సార్, బాతుది చదవరు. పెన్నున్నది గద, మీ డైరీల రాయున్రి. తర్వాత రెండు కలిపి చూద్దాం."

పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే తీరు అది. రెండో ఆయనకు మొదటి ఆయన మార్కులు చూపించరు. లెక్కల సార్‌కు అది తెలియని పద్ధతి కాదు. మారు మాట్లాడకుండా దుర్బీన్ తీసుకున్నాడు. రబ్బరు గిన్నెలను ఎట్లా దించుకోవాలో ఆమె చూపించింది, ఆయనకూ కళ్ళజోడుంది. చాలాసేపు పట్టింది. ఒకసారి "అబ్బ" అన్నాడు. ఇంకోసారి "ఓహో" అన్నాడు. తర్వాత డైరీ తీసి రాశాడు.

ఆమె నోట్‌బుక్ తెరిచింది. కే, ఎనిమిది, మూడు. ఆయన డైరీ తిప్పి చూపించాడు. కే, ఎనిమిది, మూడు.

చేపల పెద్దమనిషి "నాకు జర సూపియ్యున్రి" అని తీసుకున్నాడు. ఆయనకు ఇంగ్లిష్ అక్షరాలు రావు. అయినా చూశాడు. దించి, దుర్బీన్‌ను తువ్వాలతో తుడిచి మరీ ఆమె చేతికిచ్చాడు.

"రాసే ఉన్నది మేడం. పైపు గాదు. నేను తప్పు జెప్పిన."

లెక్కల సార్ ఆ మాట అనలేదు. లెక్కల వాళ్ళు అనరు. కానీ "జర ఇంకోసారి ఇయ్యున్రి మేడం" అని మళ్ళీ తీసుకొని, పక్కనున్న బాతులన్నిటి మెడలూ ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టాడు. ఆమె టైము చూసుకుంది. "సార్, ఫస్ట్ పీరియడ్ మీదే" అన్నది. ఆయనకు వినబడలేదు.

ఆ రోజు తొమ్మిదో తరగతిలో ఏం చెప్పావని సాయంత్రం అడిగాను.

"చదివిన అని చెప్పిన."

"అంతేనా?"

"ఆ పిల్ల నోట్సు తీసి ప్రశ్న గుర్తు కొట్టేసింది. నేను చెప్పలేదు కొట్టెయ్యమని." వంటింట్లోకి పోతూ అన్నది. ఆ రోజు నన్ను సార్ అనలేదు.

పక్షులవాళ్ళ జవాబు కొన్నాళ్ళకు వచ్చింది. ఆ పట్టీ మంగోలియాలో ఒక సరస్సు ఒడ్డున వేశారట. వాళ్ళ దగ్గర ఉన్న వివరాల కింద ఒక వరుస కొత్తగా చేర్చి పంపారు. చూసిన చోటు దగ్గర ఆ ఊరి చెరువు, చూసినవారి దగ్గర ఆమె పేరు. ఆమె దాన్ని ఒకసారి చదివి, పిల్లల కోసం క్లాసు గోడకు అంటించడానికి ఒక కాపీ తీయించమన్నది. నేను రెండు తీయించాను. రెండోది ఎందుకో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

కాలేజీలో దాని గురించి నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకే చెప్పాను. అడిగేదాకా ఆ కాయితాన్ని వాళ్ళ ముందు మడతలు విప్పుతూ, మళ్ళీ పెడుతూ ఉన్నాను, అంతే. మొన్న బస్సులో పక్క సీటాయన కూడా అడిగాడు.

"ఏం సార్ అది, కోర్టు కాయితమా?"

"కాదు. మా ఇంటామెది" అని మొదలుపెట్టాను. ఆటో పంచరు దగ్గర్నుంచి, ఏదీ వదలకుండా. నేను ట్రాక్టరు ఆపించేదాకా వచ్చేసరికి ఆయన దిగాల్సిన స్టేజీ వెనక్కి పోయింది. నేను చూశాను. కథలో ఆమె నంబరు ఇంకా చదవలేదు కదా అని ఊరుకున్నాను.